చప్పుడు చెయ్యని ఇస్త్రీపెట్టె

పెదనాన్నకి,
దారపుండ నమస్కారాలు.

మొన్న ఫోన్‌లో ఆ సంగతి చెప్పానో లేదో, నువ్వు మారుమాట లేకుండా పెట్టేశావు. అప్పట్నుంచి ఎన్నిసార్లు చేసినా ఎత్తడం లేదు. అమ్మానాన్నా లేని నన్ను కుట్టుమిషను పక్కన కూర్చోబెట్టుకుని పెంచినవాడివి. నువ్వు సరేనంటే తప్ప ఆ సంగతిలో నేను ముందడుగు వెయ్యను. కోపం తగ్గాకే జవాబు చెప్పు.

ఈలోగా ఒక సాయం. నా క్లాసు పిల్లలకి ఇంట్లో చేసుకునే భౌతికశాస్త్ర ప్రయోగాలు ఇవ్వాలి. ముందు నువ్వు చేసి చూస్తే నాకు ధైర్యం. గ్లాసు నిండా నీళ్లు పోసి, పైన అట్టముక్క పెట్టి, చేత్తో అదిమి తలకిందులు చెయ్యి. మెల్లగా చెయ్యి తీసెయ్యి. కింద నుంచి గాలి అట్టని నొక్కి పట్టుకుంటుంది, నీళ్లు పడవు.

ఇట్లు,
నీ దారపుండ

తా.క.: మా బడి లెక్కల మాస్టారు నీకు నమస్కారాలు చెప్పమన్నారు.

*

చి. దారపుండకి,
మెడలో టేపు తియ్యకుండానే పెదనాన్న రాస్తున్న ఉత్తరం.

నీ మీద నాకు కోపమేమిటి? ఫోన్ నాకు పడదు, అంతే. ఆ సంగతి మాత్రం మళ్లీ ఎత్తకు. ఆ కబురు నీకు ఎవరు మోశారో కూడా నాకు తెలుసు, ఆ ఎదురుగా ఉన్న చెప్పుల కొట్టాయనే.

ప్రయోగం బ్రహ్మాండం. కోటు కొలతలివ్వడానికి వచ్చిన బ్యాంకు మేనేజరు నెత్తి మీద చేసి చూపించాను. మొదటిసారి చుక్క పడలేదు. ఆయన గట్టిగా చెయ్యి ఊపితే ఇంకోసారి చెయ్యమంటున్నాడనుకుని చేశాను. అట్ట జారింది. వద్దన్నాడేమోనని ఇప్పుడనిపిస్తోంది.

ఇట్లు,
పెదనాన్న

తా.క.: వచ్చేవాళ్లకి బుద్ధి నిలకడ లేకుండా పోతోంది. పొడుగు చేతులు కుట్టి ఇస్తే, పొట్టి చేతులు అడిగామంటారు.

*

పెదనాన్నకి,
దిగులుతో దారపుండ రాస్తున్నది.

ఎవరో మొయ్యడమేమిటి, చెప్పింది నేనే కదా. చెప్పుల కొట్టాయనకి కూడా తెలిసిపోయిందా? అదేదో పెద్ద నేరం చేసినట్టుంది నాకు.

రెండో ప్రయోగం. బారెడు దారం మధ్యలో స్టీలు చెంచా కట్టు. కొసలు రెండూ చూపుడువేళ్లకి చుట్టుకుని, ఆ వేళ్లు చెవుల్లో పెట్టుకో. వంగి చెంచాని బల్లకి తగిలించు. చప్పుడు దారం వెంట పాకి వచ్చి పెద్ద గంటలా వినిపిస్తుంది.

ఇట్లు,
చిక్కుపడిన నీ దారపుండ

తా.క.: ఎవరి నెత్తి మీదా చెయ్యకు.

*

చి. దారపుండకి,
పెదనాన్న చిరాగ్గా రాస్తున్నది.

ఏ గంటా మోగలేదు. వేళ్లు చెవుల్లో పెట్టుకుని కిటికీ దగ్గర నిలబడితే, జనం నా చెవుల గురించి లేనిపోనివి అనుకుంటారు. అందుకని దారాన్ని కళ్లజోడులా చెవులకి తగిలించుకున్నాను. చెంచా మోగలేదు. గరిట కట్టాను, మోగలేదు. ఇస్త్రీపెట్టె కట్టాను. దారం తెగి అది నేలమీద పడింది. అయినా చప్పుడు రాలేదు. దీన్నిబట్టి నీ పుస్తకం తప్పని తేలింది.

ఆ సంగతి మళ్లీ ఎత్తావు. నా కంఠంలో ప్రాణం ఉండగా దానికి తలొగ్గను. నలుగురిలో తలెత్తుకు తిరగాలా వద్దా నేను?

ఇట్లు,
పెదనాన్న

తా.క.: కింది వాటావాళ్లు ఇంటిల్లిపాదీ మేడ మీదికి వచ్చి చాలాసేపు నోళ్లు కదిపారు. కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చాను. ఎంత నెమ్మదస్తులో, ఒక్క మాట బయటికి రాదు.

*

పెదనాన్నకి,
దారపుండ ఆఖరిసారి అడుగుతున్నది.

నీ ఉత్తరం చదివి ఏడ్చాను. నేను లెక్కల మాస్టారిని పెళ్లి చేసుకోవడం నీకు అంత తలవంపులైతే, ఆ పెళ్లే వద్దు. ఆయనకీ ఆ మాటే చెప్పి నీ ఉత్తరం చేతికిచ్చాను. ఆయన చదువుతూ ఇస్త్రీపెట్టె మాట దగ్గర ఆగిపోయారు. తా.క. రెండుసార్లు చదివారు. తర్వాత, "దారం కొసలు రెండూ పళ్ల మధ్య బిగించి, చెంచాతో మళ్లీ చెయ్యమని రాయండి" అన్నారు. ఎందుకని అడిగితే, "అది పెదనాన్నగారు చెప్పాల్సిన మాట, నేను కాదు" అన్నారు.

పెళ్లి తప్పిపోతుంటే ఈ మనిషికి చెంచా గొడవేమిటో నాకర్థం కాలేదు.

ఇట్లు,
దారపుండ

తా.క.: కట్టుడుపళ్లు పెట్టుకునే చెయ్యి.

*

నా దారపుండకి,
పెదనాన్న కళ్లు తుడుచుకుని రాస్తున్నది.

పళ్లు పెట్టుకునే చేశాను. గంట మోగింది తల్లీ. తలంతా మోగింది. అంత చక్కటి చప్పుడు విని ఎన్నాళ్లయిందో. ఆ ఊపులో కుట్టుమిషను మీద దవడ ఆనించి చక్రం తిప్పాను. టకటకమంటూ పాత నేస్తం పలకరించింది. ఏడ్చాను, రాయడానికి సిగ్గేం లేదు.

నాకు చెవుడొచ్చింది. ఆ రోజు ఫోన్‌లో నాకేమీ వినబడలేదు, లైను పోయిందనుకుని పెట్టేశాను. ఆ సంగతి, ఆ సంగతి అని నువ్వు రాస్తుంటే, నా చెవుడు సంగతి నీకు తెలిసిపోయిందనుకున్నాను. తెలిస్తే కొట్టు మూయించి నన్ను నీ ఇంట్లో కూర్చోబెడతావని భయం. నీ పెళ్లి సంగతి నీ ఆఖరి ఉత్తరం వచ్చాకే తెలిసింది.

డాక్టరు దగ్గరికి వెళ్లాను. రెండు కాళ్ల ఇనప కడ్డీ ఒకటి మోగించి చెవి వెనక ఎముక మీద పెట్టాడు. ఎముక బాగానే వింటోందట. అక్కడ తగిలించుకునే మిషను ఇస్తాడట. కొట్టు మూయక్కర్లేదు.

సైన్సు చదివింది నువ్వు, నా సంగతి లెక్క కట్టింది ఆయన. కట్టి కూడా నా పరువు నాకే వదిలేశాడు. అలాంటివాడిని కాదంటానా? సరే తల్లీ, వెయ్యిసార్లు సరే.

ఇట్లు,
నీ పెదనాన్న

తా.క.: కింది వాటావాళ్లు ఆ రోజు వచ్చింది తిట్టడానికట. పెళ్లికొడుకు కోటు నేనే కుడతాను. కొలతలు ఫోన్‌లో చెప్పకు, రాసి పంపు. చేతులు పొడుగో పొట్టో పెద్ద అక్షరాలతో రాయి.