పక్క సీటు బెల్టు

సుబ్బన్న బావకు,

ఫోన్లో చెబితే అక్క స్పీకర్ పెడుతుంది. అందుకే ఊరికొస్తున్న ఆంజి చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను. చదివి నీ దగ్గరే ఉంచుకో.

ఎడారిలో ఒంటెలకు నీళ్ల ట్యాంకరు లాగే పని నాదే కాబట్టి, రెండు డీజిల్ పికప్పుల్లో ఏది కొనాలో మా కఫీల్, అదే ఇక్కడి మా యజమాని, నన్నే చెప్పమన్నాడు. పాతికేళ్లు లారీ తోలిన మనిషివని నిన్నడిగితే, "తెల్లది తీసుకోమను రా. ఇసకలో బరువు లాగేది అదే. ఆ బూడిదరంగుది ఉత్త సోకుబండి" అన్నావు. అయినా నేను బూడిదరంగుదే చూపించాను. ఎందుకని కఫీల్ అడిగితే ఏసీ బాగుందన్నాను.

అది అబద్ధం బావా. తోలి చూసేటప్పుడు రెండింటిలోనూ నా నీళ్ల క్యాను పక్క సీట్లో పెట్టాను. తెల్లది ఏమీ అనలేదు. ఇది మాత్రం పక్కన మనిషి కూర్చున్నాడనుకుని, బెల్టు పెట్టమని ఒకటే మోత. క్యాను కింద పెడితే ఆగిపోయేదే. నేను దానికి బెల్టు పెట్టాను.

ఒంటెల దగ్గర పది రోజులైనా తెలుగు మాట వినపడదు.

నువ్వన్నట్టే మొన్న బండి ఇసుకలో దిగబడింది. "నువ్వు చెప్పిన బండే కదా, యల్లా, తవ్వు" అని కఫీల్ ఫోన్ పెట్టేశాడు. పార తీసుకుని, "నువ్వు ఏసీలో కూచో, నేను చూసుకుంటా" అని క్యానుతో చెప్పి దిగాను.

అక్క అడిగితే, బండిలో నాకు తోడు ఒకరున్నారని చెప్పు.

నీ బామ్మర్ది