అతుకు పెట్టిన వరహాలు

9 అక్టోబర్ 1954

…కాసును అంచు పట్టుకునే చూడాలి, దాని ముఖం మీద వేలు పడకూడదు. నిన్న ఇంతవరకే రాశాను, అవ్వ లేచింది.

వానకు ఉదయగిరి కోట గోడ కూలితే, మేకలు కాసే పెంచలనరసయ్యకు నాలుగు బంగారు వరహాలు దొరికాయి. మూడు నా ఎదురుగానే నాయనకు అమ్మాడు. నాయన పాత కాసులు ఎన్నో పోగేశాడు గానీ ఇంత మంచి కండిషన్‌వి ఎప్పుడూ చూడలేదట. లెన్స్‌లో దేవుడి ముక్కు కూడా కనిపిస్తుంది. కాన్వెంటుకు సెలవులు కదా, ఇంగ్లీషు కేటలాగ్ నాచేతే చదివించుకుంటాడు. అన్‌సర్క్యులేటెడ్ అంటే ఏందమ్మా అన్నాడు. ఎవరి చేతా అరగనిది అన్నాను. ఆయన కళ్ళు తడిశాయి.

11 అక్టోబర్

పెంచలనరసయ్యను పోలీసులు పట్టుకున్నారు. నాలుగోదానికి ఆయన పెళ్ళాం మస్తానమ్మ బొక్క పెట్టించి తాళిలో కట్టుకుంది. దుత్తలూరు సంతలో ఎవరో చూసి చెప్పారు. కోటలో దొరికింది గవర్నమెంటుదట. మిగతావి ఎవరికిచ్చినావంటే నోరు తెరవడం లేదట.

తెరిస్తే?

12 అక్టోబర్, మధ్యాహ్నం

మస్తానమ్మ ఆత్మకూరు దాకా నడిచి మా ఇంటికి వచ్చింది. మూడూ ఇచ్చెయ్ సెట్టీ, నీ దుడ్డు నీకిస్తా, అవి చూపిస్తే మావోణ్ణి వదలతారంట అంది. నాయన, ఏ వరహాలు? ఎండకు తిరిగి నీకు మతి పోయినాది అన్నాడు. మతి పోబట్టే గదా నీ గడప తొక్కినా అంది.

పెరటి దారిన పరిగెత్తి ఆమెను ఆపాను. నేను తెచ్చిస్తాను అని చెప్పాను. నా చెయ్యి కళ్ళకద్దుకుంది.

ఎందుకు చెప్పానో. నాకు చాలా భయంగా ఉంది.

13 అక్టోబర్

నాయన వరహాలు దాచిన డబ్బాలో దూది ఉంది. వరహాలు లేవు.

సాయంత్రం అవ్వ పిలిచి నా మెడలో దండ వేసింది. కంసాలి ఆచారిని ఇంటికే పిలిపించి, మూడింటికీ కొండీలు అతికించి, తన బంగారు గుండ్ల దండలో గుచ్చింది. ఇంక ఇవి మా అత్త పెళ్ళికాసులు, ఎవుడొచ్చి కాదంటాడో నేనూ చూస్తా అంది.

నాయన లెన్స్ పెట్టి చూశాడు. కుంపటి సెగకూ ఆకురాయికీ దేవుడి తల సగం పోయింది. చంపేసినావు గదమ్మా, చంపేసినావు అని కూలబడి ఏడ్చాడు. లాకప్పులో ఉన్న మనిషి కోసం ఒక్క చుక్క రాల్చలేదు. అవ్వ, వరహా పోతే పోయినాది, నువ్వుండావు గదా, నోరు ముయ్‌రా అంది.

15 అక్టోబర్

పాత కాసులు పోగేసేవాళ్ళను ఆరా తీస్తూ ఇన్‌స్పెక్టర్ మా ఇంటికీ వచ్చాడు. ఇంగ్లీషులో చెప్పు, ఇంగ్లీషంటే వాళ్ళకు గురి అని నాయన ముందే నేర్పాడు. ఇన్‌స్పెక్టర్ నా మెడలో దండ చూసి ఎవరిదమ్మా అన్నాడు.

మై గ్రేట్ గ్రాండ్‌మదర్స్, సర్ అన్నాను.

కాఫీ తాగి, పాప ప్రనౌన్సియేషన్ బలే ఉండాదే అని పోయాడు.

16 అక్టోబర్

అవ్వ దండ తియ్యనివ్వడం లేదు. పడుకున్నా మెడలోనే.

18 అక్టోబర్

మస్తానమ్మ పెరటి గోడ పక్కన నిలబడి ఉంది. ఓణీ మెడ దాకా లాక్కుని వెళ్ళాను. వెతికాను, లేవు అన్నాను. తిట్టలేదు. పోనీలే అమ్మణ్ణీ, మావోడు మీ నాయనకియ్యడం నువ్వు కళ్ళారా చూసినావు గదా, చూసింది చూసినట్టు కలెక్టరు దొరకు ఇంగ్లీషులో అర్జీ రాసియ్యి, ఏలిముద్ర నేనేస్తా, ఈ ఊళ్ళో నేను నమ్మేది నిన్నొక్కదాన్నే అంది.

పొద్దున రమ్మన్నాను.

19 అక్టోబర్, ఉదయం

అర్జీ అయింది. స్పెల్లింగ్ తప్పుల్లేవు. మూడు వరహాలూ నా భర్త కొండవాగులో పోగొట్టుకున్నాడు అని, ఆమె పేరుతో రాశాను. నాయన పేరు ఎక్కడా లేదు. ఆమెకు చదవడం రాదు.

పెరటి తలుపు. అమ్మణ్ణీ, నేనే అంటోంది. ఈ డైరీ కాగితాలు పరుపు కింద