ముందు కారు వెనకే

మార్చి 14, ఆదివారం

కార్ల క్లబ్బు కార్యదర్శి గారికి,

మా మనవణ్ణి క్లబ్బు నుంచి తీసేశారట. వాడికి ఉన్న స్నేహితులంతా అక్కడే కనుక రాస్తున్నాను.

నిన్న రాత్రి మీ కార్ల వరసకు ముందు కారు నడపాల్సిన మావాడు జ్వరంతో పడుకున్నాడు. వాడి కారులో మందుల షాపుకు వెళ్లొచ్చింది నేను. దారిలో కారు చూసి వాడే అనుకుని, పంతొమ్మిది కార్లు నా వెనకే వచ్చి మా సందులో ఇరుక్కున్నాయి.

"ఎక్కడికి తీసుకొచ్చారు బామ్మగారూ?" అని మీరే అరిచారు.

"మా ఇంటికి. మిమ్మల్ని రమ్మన్నదెవరు నాయనా?"

"ముందు కారు వెనకే పోవాలన్నది మా రూలండీ!"

రూలు ఎవరూ తప్పలేదు కదా! కనుక:

1. వాడి పేరు మళ్లీ చేర్చాలి.
2. ముందు కారులో ఎవరున్నారో చూసుకుని బయలుదేరాలి.
3. వాడికి నయమయ్యేదాకా ముందు కారు నేనే నడుపుతాను. ఎవరూ హారన్ కొట్టి తొందరపెట్టకూడదు.