సీసాలకు చల్లగాలి

21 ఆగస్టు 1990, మంగళవారం

ఇవాళ కూడా తాగాడు సార్. ఇరాక్ ఈ దేశాన్ని ఆక్రమించి మూడు వారాలవుతోంది, బయట రోడ్డు మీద వాళ్ల ట్యాంకులు. ఈయన గ్లాసును కిటికీ వెలుతురుకు ఎత్తి రంగు చూసుకుంటున్నాడు. తర్వాత ముక్కు అందులో పెట్టి కళ్లు మూసుకోవడం. తర్వాత నోట్లో పోసుకుని, పుక్కిలిస్తున్నట్టు ఆ చప్పుడు... మా నాన్న సారా ప్యాకెట్టు పంటితో కొరికి ఒక్క గుక్కలో తాగేవాడు. అదీ రోతే. కానీ తొందరగా అయిపోయేది.

22 ఆగస్టు

సముద్రం పక్కనున్న ఫ్లాటు వదిలి ఈ దజీజ్ గోడౌను వెనక గదుల్లోకి వచ్చి రెండు వారాలు. సార్ ఇటలీ ఇంజనీరు, నేను ఆయన వంటమనిషిని. తెల్లవాళ్లను ఏరి బాగ్దాద్‌కు పట్టుకుపోతున్నారు. గోడౌన్ల మధ్య వెతకరని ఆయన నమ్మకం.

పంపుల విడిభాగాలని రాసిన చెక్కపెట్టెల్లో అన్నీ వైన్ సీసాలే. ఈ దేశంలో మందు నిషేధం — ఎన్నేళ్లుగా ఇలా తెప్పించాడో. ఉన్నది ఒకటే ఏసీ. అది సీసాల గదిలో. వేడి తగిలితే వైన్ చస్తుందట. సీసాలకు చల్లగాలి, నాకు ఫ్యాను.

24 ఆగస్టు, శుక్రవారం

రొట్టె కోసం ఫర్వానియాలో మూడు గంటలు లైను. ఇండియన్‌ని కాబట్టి సైనికులు ఆపరు. బయటికి వెళ్లగలిగేది నేనొక్కదాన్నే.

వచ్చేసరికి పొయ్యి దగ్గర సార్. టమాటా డబ్బా, వెల్లుల్లి, ఆలివ్ నూనె. పాస్తా సగమే ఉడికింది. "ఉడకలేదు సార్." "పంటికి తగలాలి!" పైన ఆ చీజ్ తురిమాడు. విప్పని బూట్లలో తడిసిన మేజోళ్ల కంపు. దానికి ముద్దు పెట్టాడు. నిజంగా పెట్టాడు.

నేను ఒట్టి రొట్టె తిన్నాను.

26 ఆగస్టు

రేడియోలో చెప్పారు. తెల్లవాళ్లను దాచినవాళ్లకు ఉరి.

సార్ విన్నాడు. నా మొహం చూడలేదు. రెండో గ్లాసు పోసుకున్నాడు.

27 ఆగస్టు

"తాగొద్దు. వాసన చూడు చాలు. ఏం కనిపిస్తోంది?"

వాసన కనిపించడం ఏమిటి... వద్దన్నాను. గ్లాసు ముక్కు దగ్గరికి తెచ్చాడు. సారా కంపు కొడుతుందని ఊపిరి బిగబట్టాను. ఎంతసేపని బిగబట్టగలను.

నేరేడు పండ్లు. రాలి, ఎండకు పగిలినవి. వెనక ఎక్కడో తడిసిన మట్టి. "బ్లాక్ ఫ్రూట్, మట్టి" అని నోరు జారాను. ముసలాయన కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టాడు. "ఇరవై ఏళ్లుగా నా భార్యకు దొరకలేదు ఆ మట్టి!"

చుక్క నాలుక మీద వేసుకున్నాను. వగరు. తర్వాత తీపి కానిదేదో, చాలాసేపు నిలిచింది.

మూడుసార్లు నోరు కడుక్కున్నాను. బాగుంది. అదే అసహ్యంగా ఉంది.

30 ఆగస్టు

రోజుకొక ఖాళీ సీసా. పారేయడానికి చేతులు రావు. మా అమ్మ మందుసీసా కూడా పారేయదు, కడిగి కిరసనాయిలు పోస్తుంది. అలాగే నాలుగు కడిగి ఆరబెట్టాను. ఆలివ్ నూనె పెద్ద డబ్బాలు ఆరున్నాయి. సార్‌ను అడిగి, పోసుకుని ఇండియా వాళ్లుండే అబ్బాసియాకు తీసుకెళ్లాను — రమణక్కకు. మా ఊరామె. అక్కడ కుట్టు పని. ఆ బిల్డింగులో వారంగా నూనెచుక్క లేదు.

"ఏమ్మే పెంచలా, ఈ నూనె పచ్చగడ్డి వాసనొస్తాంది? తినేదేనా, తలకు పూసుకునేదా?"

"తినేదే అక్కా. మా సార్ తాగేస్తాడు కూడా."

"సీసాలు మాత్రం బో బాగుండాయి మే. ఊరికి పోయేటప్పుడు ఒకటి తీసకపోతా."

2 సెప్టెంబరు, ఆదివారం

రమణక్క ఫర్వానియా రొట్టెల లైనులోకి వచ్చి నా చెయ్యి పట్టుకుని పక్కకు లాగింది. ఒక సీసా పక్క గది మలయాళీ ఆయనకు ఇచ్చిందట. చెక్‌పోస్టులో సైనికులు చూశారు. లేబుల్ మీద ద్రాక్షగుత్తి బొమ్మ. మూత తీసి వాసన చూస్తే నూనె. కొట్టారు.

"ఆ నా బట్ట చెప్పేసినాడు మే. దజీజ్ నుంచి ఒక ఇండియా పిల్ల తెచ్చిందని. వాళ్లకు కావాల్సింది మందు. నీ ముసిలోని సంగతి తెలీదు. కానీ మందు కోసం వచ్చినోళ్లకు మనిషి దొరికితే ఇడిసిపెడతారా?"

రమణక్కకు అక్షరం రాదు. మా ఇంట్లో పది దాకా చదివింది నేనొక్కదాన్నే. ఆ లేబుల్ కూడబలుక్కుని చదివాను. చదివి, దాన్ని అలాగే ఉంచి, నూనె పోసి ఇచ్చాను. ఛీ, ఏం చదువు నాది.

3 సెప్టెంబరు

సార్‌కు చెప్పాను. తిట్టలేదు. "పారబోసేద్దాం సార్" అన్నాను.

"కాలువలోనా? వీధి చివరిదాకా వాసన. నేరుగా మన తలుపు దగ్గరికే వస్తారు."

నిజమే. ఆ ముక్కు మొదటిసారి పనికొచ్చింది.

పక్క గోడౌను ఎప్పుడో దోచుకున్నారు, తలుపుల్లేవు. సీసాలు అక్కడ పెడితే? దొరికితే చాలనుకుని పోతారు. ఆలోచన నాది. సార్ సీసాల గదిలోకి వెళ్లి ఒక్కో పెట్టెనూ తట్టి వచ్చాడు. ఆఖరికి — "యల్లా." కానివ్వమని, అరబ్బీలో.

4 సెప్టెంబరు

మధ్యాహ్నం రెండు. సైనికులు నీడ చూసుకుని పడుకునే వేళ. బియ్యం సంచిలో నాలుగేసి సీసాలు, మధ్యలో గుడ్డలు, చప్పుడు కాకుండా. పంతొమ్మిది సార్లు తిరిగాను.

ఆయన బయటికి రాకూడదు. తలుపు వెనక నిలబడి ఒక్కో సీసా మెడ నిమిరి నా సంచిలో పెట్టాడు. "ఇది మా పెళ్లయిన ఏడాదిది." "ఇది మా నాన్న ఊరి కొండది." ప్రతి సీసాకూ ఒక కథ! ఎవరైనా చూస్తే నా మెడకు ఉరి. ఆ మెడ ఎవరూ నిమరలేదు.

ఒకటి మాత్రం ఇవ్వలేదు. "ఇది వద్దు, పెంచలా." చొక్కా కింద పెట్టుకున్నాడు, పిల్లాడిలా.

5 సెప్టెంబరు

వచ్చారు.

పక్క గోడౌనులో అరుపులు, నవ్వులు. సీసాల మెడలు గోడకు కొట్టి పగలగొడుతున్నారు. మా గోడకే. సార్ చెవి పెట్టి విన్నాడు. కన్నీళ్లు కారాయి. భయపడుతున్నాడనుకున్నాను.

"వేడిగా తాగుతున్నారు" అన్నాడు. "కాసేపు గాలి కూడా తగలనివ్వలేదు."

అసహ్యమేసింది. వాళ్లను చూసి కాదు.

సాయంత్రం వాళ్లు పోయాక రొట్టెకు బయల్దేరాను. గేటు దగ్గర ఎర్రగా వాంతులు. ఈగలు. ముక్కు మూసుకుని దాటాను. ఆ కంపులోనూ నేరేడు వాసన పట్టింది నా ముక్కు. అక్కడే నాకూ వాంతయింది.

6 సెప్టెంబరు

రమణక్క — "శనివారం పొద్దున పదికి బస్సు మే. బస్రా, బాగ్దాద్, ఆడ్నుంచి అమ్మాన్. ఇండియా వాళ్లందరం పోతాండాం. నీ పాస్‌పోర్టు ఇస్తాడా ఆ ముసిలోడు?"

"అడగాల."

"అడుగు. ఈకపోతే లాక్కో. వాళ్లు మళ్లా వస్తారు. తాగినోడికి ఇంకా కావాలనిపిస్తాది, నీకు నేను చెప్పాల్నా? మీ నాయనను చూళ్లేదా?"

7 సెప్టెంబరు, శుక్రవారం

అడిగాను. వెంటనే ఇచ్చాడు. ప్లాస్టిక్ కవరులో, తడవకుండా చుట్టి దాచి ఉంచాడు.

ఇవ్వనని ఉంటే బాగుండేది. కోపమైనా మిగిలేది.

రొట్టె ఎవరు తెస్తారని ఆయన అడగలేదు. నేనూ అడగలేదు. పాస్తా రెండు పళ్లేల్లో పెట్టాడు. తిన్నాను, చీజ్‌తో సహా. ఏసీ గది ఖాళీ. నన్ను అందులో పడుకోమన్నాడు.

8 సెప్టెంబరు, శనివారం

పొద్దున్నే దాచుకున్న సీసా తీశాడు. గాజు జగ్గులోకి మెల్లగా ఒంపాడు. రెండు గంటలు గాలి తగలాలట. "తొమ్మిదికి తాగుదాం."

అబ్బాసియాకు నడిచి గంటన్నర. ఎనిమిదిన్నరకు బయల్దేరాలి. ఆయనకు తెలుసు. అయినా రెండు గ్లాసులు పెట్టాడు. రెండూ తుడిచాడు.

ఎంత రోత మనిషి. ఉరితాడు తల మీద వేలాడుతుంటే వైన్ ఊపిరి పీల్చుకోవాలంటాడు.

ఏడుంబావు. గది నిండా అదే వాసన. నేరేడు కాదు ఇవాళ. ఎండిన గులాబీలా ఉంది, ఇంకేదో కూడా ఉంది, తెలియడం లేదు.

పాస్‌పోర్టు సంచిలో పెట్టాను.

ఎనిమిది. ఖాళీ సీసా బకెట్లో నానబెట్టాను. ఎందుకో మరి. చేతులకు అలవాటు.

ఎనిమిదింబావు. లేబుల్ మీది ద్రాక్షగుత్తి ఊడింది.

ఎనిమిదిన్నర. సంచి తలుపు దగ్గరే ఉంది. తడి చేత్తో రాస్తున్నాను, పేజీ మరకలవుతోంది. అక్షరాలు గట్టిగా అంటుకున్నాయి. గోటితో గీకుతున్నాను. ఇంకా సగం ఉంది...