మూడో షిఫ్ట్ వాళ్ల ఒకే ఒక్క ఆల్బమ్

6 నవంబరు, యాన్బు, సౌదీ
ఇది ఇప్పుడే రాసుకోవాలి. రాజేశానికి ఫైనల్ ఎగ్జిట్ — పని ముగించుకుని దేశం విడిచే అనుమతి — వచ్చింది. ఇరవై రోజుల్లో జగిత్యాలకు వెళ్లిపోతాడు. ఈలోగా రాజేశం, గంగాధర్, సత్తయ్య — ‘మూడో షిఫ్ట్’ అని పేరు పెట్టుకున్న ముగ్గురి ర్యాప్ ఆల్బమ్ పూర్తి కావాలి. మళ్లీ ముగ్గురూ ఒకచోట ఉండరు. రికార్డింగ్ మా క్లినిక్‌లోనే... నేను వినికిడి పరీక్షలు చేసే నిశ్శబ్దపు గదిలో. శుక్రవారాలు మాత్రమే. డాక్టర్ గారు ఒప్పుకున్నారు. షరతు: లోపల బిర్యానీ తినకూడదు.

7 నవంబరు
ఇద్దరు పట్టే గదిలో ముగ్గురు దూరారు. అమెరికా దక్షిణాది హిప్‌హాప్ విని నేర్చుకున్నారట. “మనది గూడ దక్షిణమే గద!” అని వాళ్ల వాదన.
దీన్ని స్టూడియో ఆల్బమ్ అనవచ్చా అన్నాను. ఏసీ మెకానిక్ గంగాధర్ ఊరుకుంటాడా — “తలుపేస్తే సప్పుడు రావద్దు. స్టూడియో అంటే గంతే గద మేడమ్!”
సత్తయ్యకు మాట తక్కువ. మైకు ముందు మాత్రం ఆగడు.

14 నవంబరు
గొంతులు, వాద్యాలు కలిపి పాటలు సరిచేసేది రాజేశమే. పాటలో ఇత్తడి తాళాల చప్పుడు సూదుల్లా గుచ్చుతోంది.
గంగాధర్: “ఏందిరా, పండ్లు గుంజుతున్నయ్! గిన్నెలు తోముతున్నవా?”
రాజేశం: “నాకైతే వినవడ్తనే లేదు. ఇంకింత పెంచుదామనుకున్న.”


15 నవంబరు
రాజేశం పరీక్ష కాగితం నా సొరుగులోనే ఉంది. పదకొండేళ్లుగా ఇనుము అరగదీసే గ్రైండర్ పని. సన్నని, పదునైన ధ్వనులు రెండు చెవులకూ బాగా తగ్గాయి. కిందటి నెలే వివరించాను, తల ఊపాడు. దాన్ని పాటతో ముడిపెట్టుకోలేదు — నేనూ పెట్టలేదు. అది నా పొరపాటు. మిగిలిన ఇద్దరికీ చెప్పే హక్కు నాకు లేదు. అతడికి చెప్పాలి.

17 నవంబరు
చెప్పాను. కాగితం మీది గ్రాఫులో గీత కిందికి దిగిన చోట వేలు పెట్టాడు.
“అంటే... గీ గుంటల వడ్డ సప్పుళ్లే నేను ఎక్కువ వెట్టిన్నా?”
అవునన్నాను.
“మరి గీ కాగితం జూసే తగ్గిద్దాం మేడమ్.”
కాగితంలో ఉన్నంతా తగ్గిస్తే పాట మొద్దుబారుతుంది. వినికిడి యంత్రం అమర్చేటప్పుడు కూడా లోపంలో సుమారు సగమే పూడుస్తాం. ఇక్కడా సగంతో మొదలుపెట్టమన్నాను.

21 నవంబరు
స్నేహితులకు తనే చెప్పేశాడు.
గంగాధర్: “అందుకేనారా, నా తిట్లు నీకు తాకకపోయేది!”
నవ్వులు... ఒక రికార్డింగు పూర్తిగా పాడైంది. సరిచేసిన పాట విని సత్తయ్య బొటనవేలెత్తాడు. ఈసారి ఎవరి పళ్లూ గుంజలేదు.

22 నవంబరు
రాజేశానికి చెవులకు రక్షణగా పెట్టుకునే మఫ్‌లు ఇచ్చాను. “ఊళ్లె డీజే కాడ గూడ పెట్టుకుంట మేడమ్.” మాట తీసుకున్నాను.

25 నవంబరు
రేపు విమానం. ఎనిమిది పాటలూ పూర్తి. చివరిదాన్ని మాత్రం రాజేశం ముట్టనివ్వలేదు: “గిదొక్కటి నాకు వినవడ్డట్టే ఉండనియ్యిండ్రి.”
“ఉండనీయ్‌రా,” అన్నాడు గంగాధర్. “పండ్లు వోతె వోనీ.”
ఆ గదిలోనే ముగ్గురూ, తలుపు దగ్గర నేనూ విన్నాం. గంగాధర్‌కీ సత్తయ్యకీ నాకూ దవడలు బిగుసుకున్నాయి. రాజేశం కళ్లు మూసుకుని హాయిగా తల ఊపుతున్నాడు. అతడికి వినిపించనిది ఎంతో నేను కొలిచి చెప్పగలను. ఆ పాటలో అతడికి వినిపిస్తున్నది ఏమిటో — నాకు తెలియదు.