సోమవారం ఆయన్ని పంపకండి

మేడం గారికి నమస్కారం. నేను ఐదో తరగతి వరకే చదివాను. తప్పులనూ, వంకర రాతనూ మన్నించండి.

మీ దగ్గర విమానం నడపడం నేర్చుకుంటున్న వెంకటసాయి నా భర్త. ఆయన పేరు నేనెప్పుడూ పలకలేదు, మీకు తెలియాలని రాశాను. సోమవారం మీరు పక్కన లేకుండా ఆయన ఒక్కరే విమానం నడుపుతారట.

మొన్న ప్రొద్దుటూరు వచ్చినప్పుడు అన్నం తింటూ ఫిట్సు వచ్చి పడిపోయారు. పెళ్లయ్యాక ఇది రెండోసారి. నేనొక్కదాన్నే చూశాను. లేచాక నా చెయ్యి పట్టుకుని, "ఎవురికీ చెప్పొద్దు మ్మే, లైసెన్సు రాదు. శానా కష్టపడినా," అని ఏడ్చారు. సరేనన్నాను. ఇప్పుడు ఆ మాట తప్పుతున్నాను.

దయచేసి ఆయన్ని ఒంటరిగా పైకి పంపకండి. ముందు డాక్టరుకు చూపించండి. నేను చెప్పానని తెలిస్తే ఆయన నాతో మాట్లాడరేమో. మాట్లాడకపోయినా కళ్లముందు ఉంటే చాలు. ఈ ఉత్తరం చదివాక కాల్చేయండి.