అందరికీ ఒకే పేరు

మంగళవారం రాత్రి, రాబర్ట్‌సన్‌పేట

సకల జనులకు తెలియజేయడమేమనగా, ఇకపై మా ఆఫీసు సర్వర్ మీద టీ గ్లాసు పెట్టినవాడు మనిషిగా లెక్కించబడడు. ఆ మరక తుడిచాకే పని మొదలుపెట్టాను.

టమాట మండీ ప్రోగ్రాములను పెన్‌డ్రైవులో మోసుకు తిరిగే బాధ పోవాలని, అందరి కోడూ ఒకేచోట దాచే గిట్ సర్వర్‌ను లినక్స్ మీద ఎక్కించాను. మెమరీ చాలక మధ్యలో చచ్చి, మళ్ళీ లేచింది. ఏ వరుస ఎవరు రాశారో అది పేరుతో సహా చూపిస్తుంది. మా ప్రోగ్రాము ముప్పాతిక భాగం రాసింది నా పక్క సీటులో పనిచేసే శాంతి. అందుకే ముందు ఆమెకే ఖాతా తెరవబోయాను.

ఓనరు పుల్లతో పళ్ళు కుట్టుకుంటూ వచ్చాడు.

"సుమ్నే, ఊరికే అందరికీ నా పేరే పెట్టప్పా. రేపు బెంగళూరోళ్ళు మన ప్రోగ్రాము చూసేదానికి వస్తా ఉండారు."

"మా నాయన బంగారు గనిలో దిగేటప్పుడు కూడా ఎవురి హాజరు బిళ్ళ వాళ్ళకే ఇస్తా ఉండ్రి గదన్నా."

"ఇది గని కాదు. కంపెనీ నాది, పేరూ నాదే ఉండాల."

అని, ఆ పుల్లను నా కీబోర్డు మీద పెట్టాడు. శాంతి తల వంచుకుంది.

"అట్లే కానీ అన్నా. ఇంగ ఒకే పేరుతో ఇద్దురు ఎక్కినారంటే, దొంగలు పడినారనుకొని మిషను అంతా తుడిచేస్తాది. తెల్లారితే మండీ లెక్క ఉండదు."

ఓనరు ముఖం మాడ్చుకుని, "ఎవురి పేరు వాళ్ళకే పెట్టు" అని వెళ్ళిపోయాడు. శాంతి కోడును శాంతి చేతే, శాంతి పేరుతోనే ఎక్కించాను.

రేపు వచ్చేవాళ్ళను ఓనరు ఈ సంగతి అడగకుండా ఉంటే బాగుండును. అట్లా తుడిచేసే మిషను ఈ భూమ్మీద ఎక్కడా లేదు. దాన్ని నేనే అప్పటికప్పుడు పుట్టించాను.